17, 18 నంబరు గుంటలు: ఒకే రాత్రి పెట్టిన తాబేలు గుడ్లకి ఫలితం ఎందుకు వేరైంది

ఏప్రిల్ 16 తెల్లవారుజామున మా కంచెలోని, అంటే ఒడ్డు మీద దొరికిన తాబేలు గుడ్లని తెచ్చి ఇసుకలో పొదగనిచ్చే చోటులోని, 17వ నంబరు గుంట నుంచి 99 తాబేలు పిల్లలు పైకొచ్చాయి. దాని పక్కనే, మూడడుగుల దూరంలో ఉన్న 18వ నంబరు గుంట నుంచి రెండు రోజుల తర్వాత 46 వచ్చాయి. 17లో మేం పెట్టిన గుడ్లు 114, 18లో 122. రెండూ ఒకే రాత్రి, ఒకే ఒడ్డు మీద పెట్టిన గుడ్లు. కంచెలో ఇసుక ఒకటే, తాటాకు నీడ ఒకటే, గుంట లోతు ఒకటే, కాపలా మనుషులూ వాళ్లే. తేడా ఎక్కడొచ్చిందని వెనక్కి వెళ్లి రాసుకున్న కాగితాలన్నీ చూస్తే, అంతా మొదటి పది గంటల్లోనే ఉంది. ఆ పది గంటల్లో మా వల్ల జరిగిన తప్పుల్ని దాచకుండా రాస్తున్నాను. ఇలాంటి కంచెలు నడిపే మిగతా ఊళ్లవాళ్లకి, ముఖ్యంగా కొత్తగా చేరే కుర్రాళ్లకి, పనికొస్తుందని నా నమ్మకం.

వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ మొగకి ఉత్తరాన ఆరు కిలోమీటర్ల ఒడ్డు మేం చూసుకుంటాం. అటవీ శాఖ అనుమతితో, ఊళ్లోని మత్స్యకార కుర్రాళ్లతో కలిసి ఈ పని చెయ్యడం నాకు అది ఏడో సీజను. మన దేశపు సముద్రాల్లో అయిదు జాతుల సముద్ర తాబేళ్లు తిరుగుతాయి. మా ఇసుక మీదికి గుడ్లు పెట్టడానికి వచ్చేవి ఆలివ్ రిడ్లీలు. రెండడుగులకి పైగా డిప్ప, నలభై కిలోల దగ్గర బరువు. జనవరి నుంచి మార్చి దాకా వస్తాయి, కొన్ని ఏప్రిల్లోనూ వస్తాయి.

ఒడిశాలో గహిర్మాత, రుషికుల్య మొగ దగ్గర ఇవే తాబేళ్లు కొద్ది రాత్రుల్లోనే లక్షల్లో ఒడ్డెక్కుతాయి. రుషికుల్య ఉన్న గంజాం జిల్లా బెస్త ఊళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, అక్కడి సంగతులు మాకు చుట్టాల నోటి ద్వారా కూడా తెలుస్తుంటాయి. అక్కడ గుడ్లు ఎన్ని పెడతాయంటే, కుక్కలూ నక్కలూ పక్షులూ ఎంత తిన్నా ఇంకా మిగులుతాయి. మా దగ్గర ఆ రక్షణ లేదు. ఒంటరిగా వచ్చి, ఒంటరిగా పెట్టి పోతాయి. ఒక్క రాత్రిలో రెండు గుంటలు దొరికితే మాకు గొప్ప. ఆ ఒక్క గుంటని ఊరకుక్క వాసన పట్టిందంటే అరగంటలో ఖాళీ. అందుకే కంచె. శాస్త్రం రాసేవాళ్లు హేచరీ అంటారు గానీ, మా ఊళ్లో ఆ మాట అంటే రొయ్యపిల్లల హేచరీ గుర్తొస్తుంది. అందుకని దీన్ని అందరూ కంచె అనే పిలుస్తారు, గూడుని గుంట అంటారు.

ఇక ఆ రాత్రి సంగతి. ఫిబ్రవరి 27. చంద్రుడు అర్ధరాత్రికే దిగిపోయాడు. కంచె నుంచి దక్షిణంగా ఒకటిన్నర కిలోమీటరు దగ్గర, 28వ తేదీ తెల్లవారుజామున 1:40కి, మా కాపలా ఇద్దరికి తడి ఇసుక మీద కొత్త జాడ కనిపించింది. ఆలివ్ రిడ్లీ జాడ ఒకసారి చూస్తే మర్చిపోలేం. ఎడమ రెక్క, కుడి రెక్క ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ నడుస్తుంది కాబట్టి రెండు వైపుల గుర్తులూ ఎదురెదురుగా ఉండవు, జడ అల్లినట్టుంటాయి. జాడ పైకి వెళ్లిందే గానీ కిందికి రాలేదు. అంటే తల్లి ఇంకా ఒడ్డు మీదే ఉంది. టార్చి ఆపేసి కూర్చోమని, నేను చేరకముందే, ఆ ఇద్దరిలో మా పెద్దాయన రెండోవాడికి సైగ చేశాడు. నేను సైకిలు మీద వెళ్లేసరికి తవ్వుతోంది.

ఆ తవ్వకం ఎన్ని సార్లు చూసినా నాకు తనివి తీరదు. వెనక రెక్కల్లో ఒకటి గుంటలోకి దించి, కొసని అరచెయ్యిలా ముడిచి, దోసెడు ఇసుక పైకి తెచ్చి పక్కన పోస్తుంది. ఆ పోసే క్షణంలోనే రెండో రెక్క ముందున్న ఇసుకని వెనక్కి చిమ్ముతుంది. తర్వాత ఆ రెండోది దిగుతుంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడదు, చూడలేదు కూడా. అయినా గుంట మెడ సన్నగా, అడుగు వెడల్పుగా, చెంబు పోత పోసినట్టు దిగుతుంది. రెక్క అందినంత లోతు, అంటే అడుగున్నర. 2 గంటలకి గుడ్లు మొదలయ్యాయి. రెండేసి, మూడేసి, జిగురుతో జారుతూ. పింగ్ పాంగ్ బంతి అంత, పెంకు గట్టిగా ఉండదు, వేలితో నొక్కితే సొట్ట పడి మళ్లీ లేస్తుంది. కళ్ల నుంచి నీళ్లు కారతాయి. మా ఊళ్లో ఆడవాళ్లు ఆ కన్నీళ్లు చూసి ‘పురిటి నొప్పులే’ అంటారు. ఒంట్లో పేరుకున్న ఉప్పుని కళ్ల దగ్గరున్న గ్రంథి బయటికి పంపే తీరు అది, సముద్రంలో ఉన్నప్పుడూ కారతాయి, మనకి కనపడవు. అంతా అయ్యాక ఇసుక కప్పి, డిప్పని అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ధబ్ ధబ్‌మని కొట్టి గట్టి చేస్తుంది. మనం మట్టి నేల దిమ్మిస చేసినట్టే. 2:35కి నీళ్లలో కలిసిపోయింది. ఇక ఆ గుంటని మళ్లీ చూడదు.

మేం చేత్తో ఇసుక తీసి, ఒక్కో గుడ్డూ లెక్కపెడుతూ, అదే గుంట తడి ఇసుక అడుగున పరిచిన బకెట్లో పేర్చాం. 114. నడిచే తెచ్చాం, బకెట్టు ఊగకుండా ఇద్దరం చెరో వైపు పట్టుకుని. కంచెలో ముందే తవ్విన చెంబు ఆకారపు గుంటలో 3:40కి పెట్టడం అయిపోయింది. తల్లి పొట్టలోంచి వచ్చి గంటా నలభై నిమిషాలు. కర్రకి రేకు ముక్క కట్టి 17 అని, తేదీ, టైము, గుడ్ల లెక్క రాశాం. అందరికీ సంతోషంగా ఉంది, టీ పెట్టుకున్నాం.

మొదటి తప్పు సరిగ్గా అక్కడే జరిగింది. ఆ రాత్రి కాపలాకి ఉన్నది ఇద్దరే. ఇద్దరూ బకెట్టుతో కంచెకి వచ్చేశారు, నేనూ వచ్చేశాను. దక్షిణం కొసన మిగిలిన రెండు కిలోమీటర్లు అప్పటికి చూడలేదు. టీ తాగి ఎవరమూ మళ్లీ వెళ్లలేదు.

ఉదయం 6:20కి ఆ కొసన, పడవల దగ్గరికి వస్తున్న ఒకాయనకి రెండో జాడ కనిపించింది. ఆయన మంచికే ఊళ్లో చెప్పాడు. పది మంది కుర్రాళ్లు వచ్చారు. కుక్కలు వస్తాయేమోనని భయపడి గుంట తవ్వేశారు, ఫోన్లలో వీడియో తీసుకున్నారు, గుడ్లన్నీ తీసి ఎరువుల బస్తాలో వేశారు. నాకు ఫోను చేశారట, నేను నిద్రలో ఉన్నాను. 7:40కి వెళ్లాను. ఒక కుర్రాడు బస్తా మూతి బిగించి పట్టుకుని, ఎంతో పెద్ద పని చేసినట్టు గర్వంగా నిలబడి ఉన్నాడు. నా వెనకాలే వచ్చిన మా పెద్దాయన బస్తాలోకి తొంగి చూసి, “బాబూ, ఉల్లిపాయల్లా కుమ్మరించేశారు” అన్నాడు. ఇంకేం అనలేదు.

పగటిపూట గుడ్లు తరలించాలంటే నేను ఒక ఆఫీసుకి చెప్పి మాట తీసుకోవాలి. అక్కడ ఫోను ఎత్తేసరికి 9:15 అయింది. బస్తాని బైకు మీద పెట్టుకుని, గతుకుల దారిలో నాలుగు కిలోమీటర్లు నేనే తెచ్చాను. 18వ నంబరు గుంటలో చివరి గుడ్డు పెట్టేసరికి 10:15. లెక్క 122.

ఆ తల్లి ఎప్పుడు పెట్టిందో ఎవరూ చూడలేదు. కానీ జాడ చెబుతుంది. పోటు గీతకి పైన ఉన్న జాడ స్పష్టంగా ఉంది, గీతకి కింద వచ్చిన జాడా పోయిన జాడా రెండూ చెరిగిపోయాయి. ఆ రాత్రి నిండు పోటు సుమారు 3 గంటలకి. అంటే పోటు నిండక ముందే వచ్చి, పెట్టి, వెళ్లిపోయింది. ఎంత తక్కువ వేసుకున్నా ఆ గుడ్లకి ఏడు గంటలు దాటాయి.

ఏడు గంటలైతే ఏమవుతుందని అడిగేవాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను, ఈ కేసులో అసలు సంగతి ఇదే. తల్లి కడుపులో ఉన్నంతసేపు గుడ్డులోని పిండం ఎదుగుదల ఆపుకుని ఉంటుంది, అక్కడ దానికి ప్రాణవాయువు అందదు. ఇసుకలో పడి గాలి తగలగానే మళ్లీ మొదలవుతుంది. కొద్ది గంటల్లో పిండం సొనలో పైభాగానికి చేరి, పెంకు లోపలి పొరకి అతుక్కుంటుంది. ఆ అతుకు పడ్డ చోట పెంకు మీద తెల్ల మచ్చ కనిపిస్తుంది, రోజులు గడిచే కొద్దీ అది గుడ్డంతా పాకుతుంది. అతుక్కోక ముందు గుడ్డుని జాగ్రత్తగా కదిపితే ఫరవాలేదు. అతుక్కున్నాక తలకిందులు చేస్తే ఆ లేత పొర చిరిగి పిండం చచ్చిపోతుంది. కోడిగుడ్లని పొదిగే కోడి తిప్పుతూ ఉంటుంది కాబట్టి తాబేలు గుడ్లూ అంతే అనుకుంటారు చాలామంది. పూర్తిగా ఉల్టా. కంచెలు నడిపేవాళ్లు ఆరు గంటల లోపు అని పెట్టుకున్న హద్దు ఇందుకే. నాకు ఈ హద్దు తెలుసు. తెలిసీ, బస్తాలో ఉన్న గుడ్లని చూసి కంగారులో, కంచెలోకి చేర్చేస్తే చాలు అనుకున్నాను.

తర్వాతి నలభై ఎనిమిది రోజులు రెండు గుంటలకీ ఒకేలా గడిచాయి కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను. ఒక్క ఎండ సంగతి మాత్రం చెప్పాలి. తాబేలు పిల్ల ఆడా మగా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుంది, పొదుగు కాలంలో నడిమి మూడో వంతులో తేలిపోతుంది. దాదాపు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి పుడతాయి, అంతకి మించితే ఆడవి ఎక్కువ, తగ్గితే మగవి ఎక్కువ. ఇసుక 34, 35 దాకా కాగితే అసలు పిల్లలే బతకవు. గుడ్ల లోతులో థర్మామీటరు పెట్టి రోజూ చూశాం. మార్చి మధ్యలో 30 దగ్గర ఉన్నది నెలాఖరుకి 32కి ఎక్కింది. అప్పుడు తాటాకు పందిరి ఇంకో వరస దట్టం చేశాం. ఈ రెండు గుంటల్లోనూ ఆడవే ఎక్కువ ఉండుంటాయని నా అంచనా. పైకి చూసి చెప్పే వీల్లేదు, పెద్దయ్యాక మగదానికి తోక పొడుగ్గా పెరిగితే గానీ తెలియదు.

ఏప్రిల్ 15 సాయంత్రం 17 మీద ఇసుక పళ్లెంలా గుంట పడింది. కింద పిల్లలు పెంకులు చీల్చుకుని బయటపడి, అందరూ కలిసి కదులుతుంటే పైనున్న ఇసుక వాటి కిందికి జారుతుంది, అవి మెట్టు మెట్టుగా పైకి లేస్తాయి. ఒక్క పిల్ల అడుగున్నర ఇసుక తోసుకుని రావడం చాలా కష్టం, వందమంది కలిసి తోస్తే వస్తాయి. 18లో పిల్లలు ఇందులో దాదాపు సగమే కావడం వల్ల పైకి రావడానికీ ఇబ్బంది పడ్డాయని తర్వాత తెలిసింది. పై పొర వేడిగా ఉంటే ఆగిపోతాయి, రాత్రి చల్లబడ్డాక బయటికొస్తాయి. 3:10కి ముందు ఒక ముక్కు, పక్కనే ఇంకోటి, అంతలో నీళ్లు పొంగినట్టు ఒక్కసారిగా. ఒక్కోటీ నిండా రెండు అంగుళాలు ఉండదు. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలియదు గానీ రెక్కలు కొట్టే బలం తెలుస్తుంది. గుడ్డు చీల్చుకున్న చిన్న పన్ను ముక్కు కొసన ఇంకా అలాగే ఉంది.

టబ్బుల్లో ఆపి, పొద్దున పెద్దలు వచ్చాక ఫోటోలకి వదలడం మేం మానేసి చాలా కాలమైంది. సొన నుంచి మిగిలిన శక్తితోనే అవి మొదటి రోజంతా ఆగకుండా లోపలికి ఈదాలి. ఆ శక్తిని ప్లాస్టిక్ టబ్బు గోడలకి కొట్టుకుంటూ ఖర్చు పెట్టించడం అన్యాయం. అందుకని వచ్చిన వెంటనే, నీటికి కొన్ని గజాల ఇవతల ఇసుక మీద వదిలి నడవనిచ్చాం. ఏప్రిల్ 15 నుంచి సముద్రంలో చేపల వేట నిషేధం, పడవలన్నీ ఒడ్డు మీదికి లాగి ఉన్నాయి. వాటి మధ్యలోంచి దారి చూసుకోవాల్సి వచ్చింది.

ఓ ఇరవై పిల్లలు సముద్రం వైపు కాకుండా వెనక్కి తిరిగాయి. దూరంగా రొయ్యల హేచరీ ఒకటి ఉంది, దాని గోడ మీద తెల్ల లైటు. పుట్టిన పిల్లకి తెలిసిన ముఖ్యమైన గుర్తు ఇదే, ఎటు వెలుగుంటే అటు సముద్రం. లోకంలో కరెంటు లేనన్నాళ్లూ అది తప్పు కాలేదు. వాచ్‌మన్‌ని అడిగితే గంటసేపు ఆపాడు. మంచివాడు, కానీ ప్రతి రాత్రీ ఆయన్ని లేపలేం. ఆ లైటుకి సముద్రం వైపు రేకు అడ్డం పెట్టించడానికి ఇంకా తిరుగుతున్నాను.

మూడు రోజులాగి రెండు గుంటలూ తవ్వి లోపల ఏముందో లెక్క తీశాం. ఈ పని కంపు, ఓపికతో కూడినది, కానీ ఇది చెయ్యని కంచెకి తన తప్పులు ఎప్పటికీ తెలియవు. 17లో 101 పెంకులు, దారి దొరక్క అడుగున ఉండిపోయిన రెండు బతికిన పిల్లలు. పొదగని గుడ్లు 13: అయిదింట్లో పిండం ఆనవాలే లేదు, ఆరు మొదటి దశలో ఆగిపోయాయి, రెండు దాదాపు పూర్తయ్యాక చనిపోయాయి. నూటికి 88 పైనే పొదిగాయి.

18లో పెంకులు 51. వాటి పిల్లల్లో 46 పైకొచ్చాయి, మూడు అడుగున బతికి ఉన్నాయి, రెండు పైకి రాలేక చనిపోయాయి. పొదగని గుడ్లు 71. ఒక్కోటీ విప్పి చూశాం. తొమ్మిదింట్లో ఏమీ లేదు. ఎనిమిది బాగా ఎదిగాక పోయాయి. మిగిలిన 54 మొదట్లోనే ఆగిపోయినవి. వాటి పెంకుల మీద తెల్ల మచ్చ రూపాయి బిళ్ల అంత అయ్యి అక్కడే ఆగిపోయింది, చాలా వాటికి ఆ మచ్చ పైన కాకుండా పక్కకో కిందికో తిరిగి ఉంది. పిండం లేని గుడ్డుకి అసలు మచ్చే రాదు. అంటే అవి ప్రాణం మొదలైన గుడ్లు. మేం ఇసుకలో పెట్టేటప్పటికే తిరగబడి ఉన్నాయి.

రెండు గుంటలు చూసి సూత్రం చెప్పేయకూడదని నాకు తెలుసు. రెండో తల్లి గుడ్లలోనే లోపం ఉండొచ్చు. బస్తాలో ఎండ తగిలి ఉండొచ్చు. బైకు కుదుపులు ఎంత చెడగొట్టాయో విడిగా తేల్చలేను. కానీ 54 గుడ్లు ఒకే దశలో, అది కూడా మొదటి రోజుల్లోనే ఆగిపోవడం, మచ్చలు పక్కకి తిరిగి ఉండడం చూశాక, నా మటుకు నాకు అనుమానం లేదు. కుర్రాళ్ల బస్తా సగం చేసింది, నా బైకు మిగతా సగం చేసింది.

ఇప్పుడు అలాంటి ఉదయం మళ్లీ వస్తే ఏం చేస్తాను? గుడ్లు ఇంకా ఇసుకలోనే ఉంటే ముట్టుకోను. తెల్లవారాక దొరికిన గుంటని ఉన్నచోటే ఉంచి, పైన వెదురు బుట్టో ఇనుప వలో బిగించి, జాడ చెరిపి, మనిషిని పెడతాను. పోటు నీళ్లలో మునిగిపోయే చోట పెట్టి ఉంటే, ఇక తప్పదనుకుంటే, ఒక్కో గుడ్డు పైభాగాన పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆ గుర్తు పైకే ఉండేలా తీసి, పక్కనే ఎత్తులో అదే లోతున పెడతాను. బైకు ఎక్కించే ప్రసక్తి లేదు. పగటి అనుమతి కోసం పొద్దున్నే ఫోన్లు చేసే బదులు, సీజను మొదట్లోనే ఉన్నచోట కాపాడే పద్ధతికి రాతపూర్వకంగా మాట తీసుకున్నాం.

తర్వాతి సీజనులో ఇలా ఒక గుంటని వదిలి చూశాం. తవ్వి లెక్క తీస్తే 108లో 86 పొదిగాయి. కంచెలో బాగా వచ్చిన గుంటల కంటే కాస్త తక్కువే, కానీ బస్తాలో వచ్చిన గుంటకి రెట్టింపుకి దగ్గర. ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది. వల కన్ను చిన్నదైతే కుక్క మూతితో పాటు పిల్లలూ ఆగిపోతాయి. అందుకని నలభై మూడో రోజు నుంచి రాత్రిళ్లు వల తీసేసి, పక్కన మనిషి మేలుకుని ఉండాలి. ఖర్చంతా ఆ మనిషి కూలీదే. కంచెకి ఉన్నట్టు బోర్డు ఉండదు, చూపించడానికి ఏమీ ఉండదు కాబట్టి డబ్బు ఇచ్చేవాళ్లని ఒప్పించడం కష్టం.

ఇంకో మాట చెప్పకపోతే ఈ కేసు సగమే అవుతుంది. ఆ ఫిబ్రవరిలో మేం గుంటలు వెతికిన ఒడ్డు మీదే చచ్చిన తల్లుల్ని కూడా చూశాం. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి. మరబోట్లు నీళ్లలో ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దీన్ని మొదటి షెడ్యూల్లో పెట్టారు, పులికి ఉన్నంత రక్షణ. వలలోంచి తాబేలు తప్పించుకునే చట్రం, టెడ్ అంటారు, కడితే బతుకుతుంది. కొన్ని రొయ్యలు కూడా జారిపోతాయని కట్టరు. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, అప్పటికి తల్లులు చాలావరకు పెట్టాల్సిన గుడ్లు పెట్టి వెళ్లిపోయి ఉంటాయి. పిల్ల పెద్దదై గుడ్లు పెట్టే వయసుకి రావడానికి పది, పదిహేనేళ్లు పడుతుంది. వెయ్యి పిల్లల్లో ఒకటి ఆ వయసు దాకా మిగులుతుందని అంటుంటారు. కాబట్టి 18లో పోయిన 54 గుడ్ల కంటే, వలలో పోయిన ఒక్క తల్లి ఎక్కువ నష్టం. కూర్మావతారం గుడి ఉన్న శ్రీకూర్మం మా ఊళ్లకి దగ్గరే, తాబేలు వలలో పడితే దండం పెట్టి వదిలే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. మరబోట్లలో ఆ వల లాగే చేతులు మాత్రం ఎక్కడెక్కడివో.

కాపలా పద్ధతి మార్చాం. గుడ్లు తెచ్చేవాళ్లు తెస్తే, ఇంకో ఇద్దరు నడక ఆపరు. ఊళ్లోని ప్రతి పడవ దగ్గరా ఒకే మాట చెప్పాం: గుంట కనిపిస్తే తవ్వొద్దు, కుక్కల్ని తోలండి, ఫోను చెయ్యండి. నా ఫోను ఇప్పుడు రాత్రిళ్లు తలగడ పక్కనే ఉంటుంది. దక్షిణం కొసన ఆ రెండు కిలోమీటర్లకి విడిగా ఇద్దర్ని పెట్టాం. వాళ్లలో ఒకడు, ఆ ఉదయం బస్తా పట్టుకుని నిలబడ్డ కుర్రాడు. పెన్సిలు ముక్క వాడి జేబులోనే ఉంటుంది.